చంద్రుడికీ మైనానికీ చుట్టరికం ఉందా?

ప్రశ్న: మా ఆయన బంగారు పని చేస్తారు. మా పాప ఇంగ్లీషు పాఠంలో చంద్రుడు ‘వ్యాక్స్’ అవుతాడని ఉందట. మైనంలా కరుగుతాడా అని అడుగుతోంది. గుండ్లలో నింపే లక్క కూడా వ్యాక్సే అంటుంది, వాళ్ళ నాన్న ఒప్పుకోరు. ఎవరిది రైటు?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: చంద్రుడు కరగడం లేదమ్మా, పెరుగుతున్నాడు. మన శుక్లపక్షాన్నే వాళ్ళు ఆ మాటతో చెబుతారు. పాత ఇంగ్లీషులో పెరగడానికి ఒక మాట, తేనెపట్టు మైనానికి ఇంకొక మాట ఉండేవి. వాడుకలో అరిగి రెండూ ఒకేలా అయిపోయాయి. పెరగడమనే అర్థంలో సంస్కృతంలో ఉన్న ‘వక్ష్’ ధాతువు ఆ మొదటి మాటకు చుట్టమే. తర్వాత ‘గ్రో’ వచ్చి దాన్ని పక్కకు నెట్టేసింది. ఇప్పుడది ఎక్కువగా చంద్రుడి విషయంలోనే వినిపిస్తుంది.

ఇక మైనం. నల్లమలలో చెంచులు దించే తేనెపట్టును పిండి తేనె తీశాక, మిగిలిన పిప్పిని నీళ్ళలో కాచి వడగడితే వచ్చేదే అసలు మైనం. సంస్కృతంలో దాని పేరు మధూచ్ఛిష్టం, అంటే తేనె తీయగా మిగిలింది. కూలి ఈగల పొట్ట కింది గ్రంథుల్లో అది సన్నటి రేకులుగా ఊరుతుంది. 62 నుంచి 64 డిగ్రీల వేడికి కరుగుతుంది. పంచలోహ విగ్రహాలు పోసేవాళ్ళు ముందు మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి కాలుస్తారు. మైనం కారిపోయిన ఖాళీలో లోహం పోస్తారు. ఎంత తెలివైన పనో చూడండి!

లక్క సంగతి వేరు. అది రేగు, మోదుగ లాంటి చెట్ల కొమ్మల మీద బతికే చిన్న పురుగులు స్రవించే జిగురు. పాండవుల కోసం కట్టించింది లక్క ఇల్లే, మైనపు ఇల్లు కాదు. కాబట్టి మీ ఆయన మాటే రైటు.

అయినా పాపను కోప్పడకండి. నేను కడపలో చదువుకునే రోజుల్లో పోస్టాఫీసులో పార్సిళ్ళ మీద ఎర్రటి లక్క కరిగించి ముద్ర వేసేవాళ్ళు. ఇంగ్లీషులో దాని పేరు ‘సీలింగ్ వ్యాక్స్’. ఐరోపాలో ఒకప్పుడు ముద్రలకు తేనె మైనమే వాడేవాళ్ళు. 16వ శతాబ్దం నుంచి మన వైపు నుంచి వెళ్ళిన లక్క వాడకం అక్కడ పెరిగినా పేరు మాత్రం మార్చలేదు. మనమూ అంతే కదా! జంతువుల కొవ్వుతో చేసిన నాటి ‘కొవ్వొత్తి’ని, పెట్రోలియం నుంచి తీసిన పారఫిన్‌తో చేస్తున్నా అలాగే పిలుస్తున్నాం. చెవిలో గులిమిని డాక్టర్లు వ్యాక్స్ అంటారు, దానికీ తేనెటీగకూ సంబంధమే లేదు.

పాపకు నమ్మకం కుదరాలంటే ఒక మైనం ముక్క, ఒక లక్క ముక్క చేతికిచ్చి గోటితో నొక్కమనండి. మైనంలో గోరు దిగుతుంది, లక్కలో దిగదు.