కాలిన ఫైలు తెరిచే ముందు

అమ్మాయీ,

నీ నవల మొదటి మూడు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను. యుద్ధకాలంలో అస్సాం నుంచి బర్మాలోకి వేసిన లీడో రోడ్డు మీద బురదలో దిగబడిన ట్రక్కు, దాన్ని తాళ్లతో లాగుతున్న కూలీల పాదాలు, తెరిపివ్వని ఆ వాన: అక్కడ నీ చెయ్యి బాగా తిరిగింది. మూడో అధ్యాయం దగ్గర మాత్రం ఆగిపోయాను. అమెరికాలో, సెయింట్ లూయిస్‌లో చదువుకుంటున్న మన తెలుగు కుర్రాడు, పక్కింటి ముసలమ్మ కోసం ఆవిడ నాన్నగారి సర్వీసు ఫైలు తెప్పిస్తాడు. అట్ట తిప్పేసరికి 1943 నుంచి 1945 దాకా ఆ సిపాయి ఎక్కడ తిరిగాడో, ఎవరితో గొడవపడ్డాడో, ఏ రాత్రి ఏడ్చాడో అన్నీ తేదీలవారీగా దొరికిపోతాయి. అలాంటి ఫైలు ఏ సైన్యమూ రాయదమ్మా. పైగా 1945లో ఇంటికొచ్చేసిన అమెరికన్ సిపాయి ఫైలు అసలు మిగిలి ఉండటమే అరుదు.

ముందు ఆ కాగితాలు ఎలా సర్దారో తెలుసుకో. 1917 నుంచి అమెరికన్ సైన్యం కాగితాలు చూసే అడ్జుటెంట్ జనరల్ ఆఫీసు తన ఉత్తర ప్రత్యుత్తరాలను లైబ్రరీ పుస్తకాల్లాగా దశాంశ పద్ధతిలో పెట్టింది. 200లు సిబ్బంది, 300లు పరిపాలన, 400లు సరఫరాలు, 600లు భవనాలు, 700లు వైద్యం. ఆ 200ల్లో 201 అంటే ఒక్కో మనిషి సొంత ఫైలు. గుమాస్తాల నోళ్లలో నలిగి నలిగి ఆ అంకే పేరైపోయింది. ఫిలిప్పీన్స్‌లో ఇవాళ్టికీ మామూలు కంపెనీల్లో కూడా ఉద్యోగి ఫైలును 201 ఫైలనే అంటారు.

ఇందులో నీకు పనికొచ్చేది ఒకటుంది. వచ్చిన ఉత్తరం ఏ అంకె కిందికి వెళ్లాలో తేల్చేవాడు గుమాస్తా. ఒక తల్లి కొడుకు ఆరోగ్యం గురించి రాస్తే అది 201లోకి, కొడుకు పేరు కిందికి చేరుతుంది. అదే తల్లి క్యాంపులో తిండి బాగాలేదని రాస్తే సరఫరాల వైపు, ఎక్కడో 400ల్లోకి వెళ్లిపోవచ్చు. అంటే ఆ తల్లి గొంతు కొడుకు ఫైల్లో వినిపించకపోయినా, తిండి సామాను బిల్లుల మధ్య వినిపించవచ్చు. నీ కుర్రాణ్ని అక్కడికి పంపు.

సిపాయి నంబరునూ ఊరికే వదిలెయ్యకు. నువ్వు ఏదో ఒక ఎనిమిదంకెల సంఖ్య వేసేశావు. మొదటి అంకె 1 అయితే తనంతట తాను చేరినవాడు, 2 అయితే నేషనల్ గార్డ్, అంటే రాష్ట్రాల సైనిక దళం నుంచి వచ్చినవాడు, 3 అయితే నిర్బంధ సేవకు పిలిస్తే వచ్చినవాడు. రెండో అంకె ప్రాంతం. నీ మనిషిని మిసౌరీ నుంచి పిలిపించావు కనుక అతని నంబరు 37తో మొదలవ్వాలి. నువ్వు వేసింది 19తో మొదలైంది. అది పడమటి తీరంలో తనకై తాను చేరినవాడి నంబరు. చదివేవాళ్లలో వెయ్యిమందిలో ఒక్కరికే తెలుస్తుంది, నిజమే. ఆ ఒక్కరూ అలాంటి సిపాయి కూతురై ఉంటే?

ఇక మార్నింగ్ రిపోర్ట్. నీ నవలకు అసలు ప్రాణం ఇక్కడుంది, నువ్వు దాని ఊసే ఎత్తలేదు. సైన్యంలో కంపెనీ అంటే ఒక దళం; ప్రతి కంపెనీలోనూ ఒక గుమాస్తా ఉంటాడు. సైన్యం లెక్కలో అతని వృత్తి సంఖ్య 405, క్లర్క్ టైపిస్టు. తుపాకీ పట్టేవాడు 745, వంటవాడు 060. ఈ 405 గారు రోజూ ఒక చిన్న ఫారం టైపుచేసి అధికారి చేత సంతకం పెట్టిస్తాడు. అందులో మార్పులు మాత్రమే ఉంటాయి. ఎవరు కొత్తగా వచ్చారు, ఎవరు ఆసుపత్రికి వెళ్లారు, ఎవరికి గాయమైంది, ఎవరు చెప్పకుండా వెళ్లిపోయారు. అన్నీ పొట్టి అక్షరాల్లోనే. డ్యూటీ నుంచి జబ్బుతో గైర్హాజరయ్యాడనే సంగతికి నాలుగైదు అక్షరం ముక్కలు చాలు. మూడు నెలలు ఒకడి పేరు కనబడలేదంటే ఆ మూడు నెలలూ అతను తిన్నాడు, పనికెళ్లాడు, పడుకున్నాడు. ఆ ఖాళీని ఖాళీగానే చూడటం అలవాటు చేసుకో.

నేను చేసిన తప్పు నీకు చెప్పాలి. వయసులో ఉన్నప్పుడు ఒక పత్రికకు వ్యాసం రాశాను. రిపోర్టులో ఒక సిపాయి పేరు పక్కన అనుమతి లేని గైర్హాజరు అని ఉంది. అతను పారిపోయాడని రాసేశాను, భయం మీద ఒక పేరా కూడా అల్లాను. అచ్చయ్యాక, వేరే పని మీద అదే మైక్రోఫిల్ము ముందుకు తిప్పుతుంటే నాలుగు రోజుల తర్వాతి రిపోర్టులో సవరణ కనబడింది. ఆ మనిషి మలేరియాతో వేరే యూనిట్ ఆసుపత్రిలో ఉన్నాడు. కబురు ఆలస్యంగా చేరింది. గుమాస్తా తన తప్పు నాలుగు రోజుల్లో దిద్దుకున్నాడు. నా వ్యాసం మాత్రం ఇప్పటికీ లైబ్రరీల్లో అలాగే ఉంది. అప్పట్నుంచీ ఏ తేదీ దొరికినా, దాని వెనక వారం, ముందు వారం చదవకుండా కలం ముట్టలేదు.

కాలిపోవడం సంగతికొస్తాను. 1973 జులై 12, అర్ధరాత్రి దాటిన కాసేపటికి, సెయింట్ లూయిస్ శివార్లలోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రంలో ఆరో అంతస్తు అంటుకుంది. 1956లో కట్టిన భవనం. మంటల మీద నీళ్లు చిమ్మే ఏర్పాటు ఆ అంతస్తులో లేదు. పూర్తిగా ఆరిందని ప్రకటించేసరికి జులై 16. కోటీ అరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల ఫైళ్లు పోయాయి. 1912 నవంబరు నుంచి 1960 జనవరి మధ్య సైన్యం నుంచి విడుదలైనవారిలో నూటికి ఎనభైమందివి. వాటికి నకళ్లు లేవు, మైక్రోఫిల్ము లేదు, సూచిక కూడా లేదు. వైమానిక దళం ఫైళ్లు మాత్రం ఇంటిపేరు అక్షరక్రమంలో పోయాయి: హబ్బర్డ్ అనే పేరు తర్వాతవి కాలాయి, ముందువి మిగిలాయి. నీ సిపాయి 1945లోనే బయటికొచ్చాడు, అప్పటికి వైమానిక దళం విడిగా లేదు కనుక ఆ అక్షరాల అదృష్టం అతనికి లేదు.

మంట తినని కాగితాన్ని నీళ్లు పట్టుకున్నాయి. ఎండాకాలం, బూజు. తడిసిన ఫైళ్లను పాల డబ్బాలు మోసే ప్లాస్టిక్ క్రేట్లలో పెట్టి, విమానాలు తయారుచేసే మెక్‌డొనెల్ డగ్లస్ వాళ్ల వాక్యూమ్ గదికి ఆరబెట్టడానికి పంపారు. ఒక్కో విడతకు రెండు వేల క్రేట్లు, వాటి నుంచి దాదాపు ఎనిమిది టన్నుల నీరు బయటికొచ్చేది. అలా 65 లక్షల ఫైళ్లు దక్కాయి. అలాంటిదాని నకలు ఒకటి నా బల్ల మీద ఉంది. ప్రతి పేజీకీ కుడివైపు అంచు వంపుగా కరిగిపోయి నల్లగా ఉంటుంది. వాక్యం ఆ నలుపు దాకా వచ్చి ఆగిపోతుంది. కింది పేజీలోనూ అదే వంపు, కొంచెం చిన్నది.

ఇక్కడొక మాట నన్ను చాలాకాలం నిద్రపోనివ్వలేదు. యుద్ధంలో చనిపోయినవాళ్లకు దశాంశ పద్ధతిలో 293 కింద ఇంకో ఫైలుండేది. ఖననం వివరాలు, పళ్ల చార్టు, ఇంటివాళ్ల ఉత్తరాలు, జేబులో దొరికిన సామాను జాబితా. అవి వేరేచోట ఉండటంతో కాలలేదు. తిరిగి ఇంటికొచ్చి, పెళ్లాడి, పిల్లల్ని పెంచినవాడి కాగితాలు బూడిదయ్యాయి. అస్సాంలో చనిపోయినవాడి జేబులో ఉన్న పెన్ను, అణాలతో సహా లెక్కబెట్టిన చిల్లర డబ్బు, ఇవాళ్టికీ జాబితాలో ఉన్నాయి.

మూడో అధ్యాయం మళ్లీ రాయి. కుర్రాడికి ఫైలు లేదనే జవాబు రానివ్వు. అతన్ని కోపగించుకోనివ్వు. తర్వాత పక్క దారులు వెతకనివ్వు. ఆఖరి జీతం వోచర్లు కోటీ తొంభై లక్షల దాకా ఉన్నాయి, కాలిన ఫైళ్లను తిరిగి కట్టడానికి ఆ కేంద్రమే వాటిని వాడుతుంది. ఒక వోచర్ దొరకనివ్వు. పేరు, నంబరు, చేరిన తేదీ, విడుదలైన తేదీ. విదేశంలో పనిచేసినవాడికి వాయిదాల్లో ఇచ్చే విడుదల భత్యం 300 డాలర్లు. ఇంతకంటే ఏమీ కల్పించకు. ఫైల్లో లేని ఏడుపును ఫైల్లో పెట్టకు. కావాలంటే దాన్ని ముసలమ్మ నోట చెప్పించు, ఆవిడ జ్ఞాపకంగా.

వోచర్ నకలు ఆవిడ చేతిలో పెట్టే సన్నివేశం రాశాక నాకు పంపు. ఆవిడ ముందు డబ్బు అంకె చూస్తుందా, నాన్న సంతకం చూస్తుందా? నీకు తోచింది రాయి.

ఆశీస్సులతో,
నీ మాస్టారు