ఐదేళ్ల దగ్గర ఆపకు

అమ్మాయికి, ఆశీస్సులు.

ఆల్ఫాక్టరీ న్యూరోబ్లాస్టోమా పేషెంట్లను ఏళ్ల తరబడి గమనించే స్టడీ మొదలుపెడుతున్నానని నువ్వు చెప్పిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అంత సంతోషం వేసింది. నేను చేయాలనుకుని సగంలో వదిలేసిన పని అది. ఫోన్లో చెప్పలేనివి ఇక్కడ రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

మీ హాస్పిటల్లో కేసులు మరీ తక్కువని దిగులు పడుతున్నావు. ఈ జబ్బే అంత. ముక్కు పైకప్పులో, వాసన పసిగట్టే పొరలో పుట్టే ఈ క్యాన్సర్ ఏడాదికి పది లక్షల మందిలో ఒక్కరికి కూడా రాదు. పుస్తకాల్లో 0.4 అని వేస్తారు. 1924లో ఫ్రాన్స్‌లో బెర్జే, ఆయన తోటి డాక్టర్లు దీన్ని మొదటిసారి వర్ణించారు. జబ్బు ఎంతవరకు పాకిందో చెప్పే స్టేజిని మనం ఈ రోజుకీ రాసేది కేడిష్ పద్ధతిలో, ఎ, బి, సి అని కదా. 1976లో ఆ పద్ధతిని ఎంతమందిని చూసి తయారు చేశారో తెలుసా? 17 మందిని. ఆ 17 మంది కాగితాలు సరిగ్గా ఉన్నాయి కాబట్టే అది సాధ్యమైంది. మెడ గ్రంథులకో, దూరంగా మరెక్కడికో పాకినవాళ్లకు ‘డి’ స్టేజి చేరింది 1993లో, మొరిటా బృందం వల్ల. కాబట్టి నీ దగ్గర ఎంతమంది ఉన్నారన్నది పెద్ద విషయం కాదు. వాళ్లలో ఎంతమంది ఇప్పుడు ఎలా ఉన్నారో నువ్వు చెప్పగలవా అన్నదే విషయం.

చాలా క్యాన్సర్లలో ఐదేళ్లు దాటితే ఊపిరి పీల్చుకుంటాం. ఇక్కడ అది కుదరదు. ఇది పదేళ్ల తర్వాత కూడా తిరగబెడుతుంది, తరచుగా మెడలో కనిపిస్తుంది. నా పేషెంటు ఒకాయన, వేరుశనగ పండించే రైతు, ఆపరేషనూ రేడియేషనూ అయ్యాక ఏడేళ్లు క్రమం తప్పకుండా వచ్చాడు. తర్వాత రావడం మానేశాడు. బాగున్నాడు కాబట్టే రావట్లేదని నేను అనుకున్నాను. పదకొండో ఏట మెడలో నిమ్మకాయంత గడ్డతో వచ్చాడు. ఆరు నెలల క్రితమే చేతికి తగిలిందట, కానీ దానికీ ముక్కు జబ్బుకూ సంబంధం ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ప్రతి విజిట్‌లో మెడ తడిమి చూడు. ఎలా తడుముకోవాలో పేషెంటుకూ, వెంట వచ్చినవాళ్లకూ నేర్పు. బాగున్నా సరే రావాలని ప్రతిసారీ చెప్పు.

ఇక రాకుండా పోయినవాళ్ల సంగతి. ఎన్నేళ్లకు ఎంతమంది బతికున్నారో చూపే కాప్లాన్-మేయర్ గీతలో వాళ్లను సెన్సార్ చేసి, అంటే చివరిసారి కనిపించిన రోజుతో వాళ్ల లెక్క ఆపేసి, ముందుకు వెళ్లిపోతాం. వస్తున్నవాళ్లు ఎలా ఉన్నారో, రానివాళ్లూ అలాగే ఉన్నారని ఆ గీత నమ్ముతుంది. మన దగ్గర అది నిజం కాదమ్మా. చార్జీలకు డబ్బుల్లేక కొందరు రారు. కొందరు చనిపోతారు, ఇంట్లోవాళ్లకు మనకు చెప్పాలని తోచదు. అలాంటివాళ్లు జారిపోయినకొద్దీ నీ గీత ఉన్నదానికంటే అందంగా కనిపిస్తుంది. ఆ అందాన్ని నమ్మకు.

అందుకే మొదటి రోజే మూడు ఫోన్ నంబర్లు తీసుకో. పేషెంటుది ఒకటి, ఊళ్లోనే ఉండే దగ్గరి బంధువుది ఒకటి, ఊరు వదలని మనిషిది ఒకటి. కిరాణా కొట్టతను కావచ్చు, ఆశా కార్యకర్త కావచ్చు. కేస్ షీటులో ఉన్న నంబరు చాలాసార్లు ఆ రోజు వెంట వచ్చిన అల్లుడిది అయి ఉంటుంది, ఆయన మరుసటి ఏడాదికి దుబాయ్‌లో ఉంటాడు. వాళ్లందరికీ ఫోన్ చేయవచ్చా, ఎంతవరకు చెప్పవచ్చు అన్నది కన్సెంట్ ఫారంలో తెలుగులో, చదివితే అర్థమయ్యేలా రాయించు. జబ్బు పేరు ఇరుగుపొరుగుకు తెలియడం చాలామందికి ఇష్టం ఉండదు.

గడ్డ ముక్కల స్లైడ్లన్నీ మళ్లీ చదివించు, అదీ పాత రిపోర్టు చూడని పాథాలజిస్టుతో. మైక్రోస్కోప్ కింద ఇది వేరే క్యాన్సర్లలాగా, అంటే లింఫోమాలాగా, మెలనోమాలాగా, ముక్కులోనే పుట్టే సైనోనేసల్ అన్‌డిఫరెన్షియేటెడ్ కార్సినోమాలాగా కనిపించి మోసం చేస్తుంది. 20 మందిలో ముగ్గురి జబ్బు వేరేదని తేలినా లెక్కంతా మారిపోతుంది. కణాల తీరు ఎంత చెడ్డగా ఉందో చెప్పే హయమ్స్ గ్రేడు అప్పుడే వేయించు. గడ్డ ముక్కలు దాచిన మైనం బ్లాకులు మాత్రం భద్రం. సెకండ్ ఒపీనియన్ కోసం ఇచ్చి పంపినవి తిరిగి రాక నేను చాలా పోగొట్టుకున్నాను.

ముక్కులోంచి గొట్టంతో చేసే ఎండోస్కోపీ ఆపరేషన్ మంచిదా, తల తెరిచి చేసేది మంచిదా అని నీ డేటాతో తేల్చాలని నీకు ఉబలాటంగా ఉంటుంది. చిన్న గడ్డ ఉన్నవాళ్లకే ఎక్కువగా ఎండోస్కోపీ చేసి ఉంటారు. వాళ్లు ఎక్కువకాలం బతికితే ఆ ఘనత ఆపరేషన్‌దా, గడ్డ చిన్నదవడందా? స్టేజి, గ్రేడు, కోసిన అంచుల్లో క్యాన్సర్ కణాలు మిగిలాయా అన్నవి లెక్కలోకి తీసుకోకుండా పోల్చకు. పోల్చే వీలు లేకపోతే లేదనే రాయి.

నీ ఫారంలో బతికున్నారా లేదా అన్న గడి ఒక్కటే పెట్టకు. వాసన తెలుస్తోందా, ముక్కులో పక్కులు కడుతున్నాయా, రేడియేషన్ పడిన వైపు కంటి చూపు ఎలా ఉంది, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి హార్మోన్లు సరిగా ఉన్నాయా అని ఏటా అడిగి, చూసి, రాయి. కూర మాడిపోతున్నా తెలియట్లేదని ఒకావిడ నా ముందు ఏడ్చింది. ఆ బాధ రాయడానికి నా ఫారంలో చోటు లేదు.

నువ్వు బదిలీ అయినా స్టడీ ఆగకూడదు. నీ తర్వాత దాన్ని చూసుకునే జూనియర్‌ను ఇప్పుడే పక్కన కూర్చోబెట్టుకో. మిగతా ఊళ్ల ఈఎన్‌టీ డాక్టర్లకూ ఇదే ఫారం ఇవ్వు.

వచ్చే నెల రెండో వారంలో అక్కడికి వస్తున్నాను. ఫారం ప్రింటు తీసి ఉంచు, ఇద్దరం కూర్చుని చూద్దాం. డిపార్ట్‌మెంట్ బీరువాలో అడుగు అరలో ఎర్ర అట్ట రిజిస్టరు ఉంటుంది, అది కూడా తీసి పెట్టు. అందులో నేను మళ్లీ కబురు చేయనివాళ్లు పద్నాలుగు మంది ఉన్నారు. వాళ్ల ఇళ్లకు నేనే ఫోన్ చేస్తాను.

మీ సార్