పిగూ, కోస్ బుర్రకెక్కకపోతే రొయ్యల చెరువు గట్టు మీద మొదలుపెట్టండి

ఎం.ఏ.లో ఎన్విరాన్‌మెంటల్ ఎకనామిక్స్ పేపరుందని, ఆర్థికవేత్తలు పిగూ చెప్పిన కాలుష్య పన్ను, కోస్ చెప్పిన బేరం సిద్ధాంతం ఎంత చదివినా అర్థం కావట్లేదని, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు కదా. నేనూ బట్టీ పట్టినవాడినే. ఇంటర్నల్‌లో రొయ్యల చెరువు వల్ల పక్క వరిచేను చౌడుబారితే ఏం చేయాలని అడిగితే, గ్రాఫ్ గీసి దిక్కులు చూశా. మా అమ్మమ్మగారి ఊళ్లో ప్రతి ఏడాదీ పంచాయితీ అయ్యే గొడవే అది, అయినా తట్టలేదు!

కాబట్టి ముందు మనుషుల్ని పెట్టుకోండి. ఒక చెరువు, ఒక చేను ఉంటే ఇద్దరూ కూర్చుని తేల్చుకోవచ్చు. చేను పాడవకుండా చూసుకునే హక్కు వరి రైతుదైతే రొయ్యల రైతు పరిహారం ఇస్తాడు, చెరువు నడుపుకునే హక్కు రొయ్యల రైతుదైతే చెరువు ఆపమని వరి రైతే డబ్బిస్తాడు. బేరానికి ఖర్చేమీ లేకపోతే ఎటు తిరిగినా ఆ నేల ఎక్కువ విలువ వచ్చే పనికే పోతుందన్నది 1960 నాటి కోస్ వాదన. ఎవరి జేబుకు చిల్లు పడుతుందన్నది మాత్రం మారుతుంది, పరీక్షలో చాలామంది వదిలేసేది ఈ ముక్కే. అదే వంద చెరువులు, ఏ చెరువు ఉప్పు ఎవరి బావిలోకి దిగిందో తెలీదు అనుకోండి, ఇక బేరం ఎవరితో? అక్కడ 1920 నాటి పిగూ కావాలి: అదనపు కాలుష్యం ఊరికి ఎంత నష్టం చేస్తే అంత పన్ను. కానీ నేలలోకి ఇంకే ఉప్పును కొలిచేదెవరు? ఎకరానికింత అని వేస్తే జాగ్రత్తపడేవాడికీ పడనివాడికీ ఒకటే పన్ను. రొయ్యల చెరువుల మీద 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన జగన్నాథ్ కేసు తీర్పు కూడా చదవండి, పాడుచేసినవాడే చెల్లించాలన్న మాట అందులో ఉంది.

ఇక సరస్సు లాంటి, బజార్లో ధర లేనివాటికి విలువ కట్టడం మాత్రం నాకు కొల్లేరే నేర్పింది. 1999లో అభయారణ్యం, 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేయడం, ఇదంతా చదివేసి డిసర్టేషన్ సర్వేకి వెళ్లా. సరస్సు బాగుపడటానికి నెలకెంత ఇస్తారని ఒక పెద్దావిడని అడిగితే, "కొల్లేరు పాడుచేసింది చెరువులోళ్లు, డబ్బులు మేం కట్టాలా నాయనా?" అంది. నేను నిక్షేపంగా సున్నా వేసుకున్నా. గైడ్ మేడం ఆ ఫారం చూసి, ఇది సరస్సుకు విలువ లేదని కాదు, నీ ప్రశ్నే ఆవిడకి నచ్చలేదు, దీన్ని నిరసన సున్నా అంటారు, డబ్బుల్లేక సున్నా చెప్పినవాళ్లతో కలిపావంటే లెక్కంతా తప్పు అన్నారు. ఎంత ఇస్తారు అన్న ప్రశ్నకు జవాబు జేబును బట్టి ఉంటుంది, ఎంత ఇస్తే వదులుకుంటారు అంటే అదే మనిషి చాలా పెద్ద అంకె చెప్తుంది. ఏ ప్రశ్న అడగాలన్నది హక్కు ఎవరిదన్న దాన్ని బట్టి ఉంటుంది, అంటే మళ్లీ కోస్ దగ్గరికే వచ్చాం.

సున్నా పక్కన కారణం రాసుకోని ఫారాలు సగానికి పైగా ఉంటే, వాటి కోసం మళ్లీ కొల్లేరు పక్కనున్న ఆకివీడు బస్సెక్కా.