మహిళల జట్టు పెట్టాలా వద్దా అని అడిగిన అమ్మాయికి

అమ్మా,

నీ ఉత్తరం చూశాను. ఫుట్‌బాల్ క్లబ్ కమిటీలోకి వచ్చిన మొదటి ఏడాదే ఇంత పెద్ద విషయం నీ నెత్తిన పడింది. "మహిళల జట్టు మీద డబ్బు పెట్టాలా, వద్దా? అటో ఇటో తేల్చి చెప్పు పెదనాన్నా" అన్నావు. పెట్టండి. కాకపోతే ఐదేళ్ల పాటు జట్టును నిలబెట్టేంత డబ్బు ముందే విడిగా తీసిపెట్టుకుని మొదలుపెట్టండి. అంత పక్కన పెట్టలేకపోతే ఇంకో రెండేళ్లు ఆగండి. ఏడాది నడిపి మూసేసే జట్టు కంటే అసలు పెట్టకపోవడమే ఆ పిల్లలకు మేలు.

ముందు మీ కోశాధికారి సంగతి. "దీన్లో లాభం ఎప్పుడొస్తుంది?" అని ఆయన అడిగాడన్నావు. అడగాల్సిందే, అది ఆయన పని. ఏళ్ల తరబడి ఆ కుర్చీలో నేనూ కూర్చున్నాను కాబట్టి ఆయన్ని తప్పు పట్టను. నువ్వు మాత్రం, మగవాళ్ల జట్టు గురించి ఇదే ప్రశ్న ఎప్పుడైనా వేశారా అని మర్యాదగా అడుగు. ఫుట్‌బాల్ క్లబ్బుల్లో చాలా వాటికి ఏడాది చివర మిగిలేది నష్టమే. పెద్ద మొత్తం పోసి ఒక స్ట్రైకర్‌ని తెచ్చుకుంటాం, అతను మూడో మ్యాచ్‌లో మోకాలు పట్టుకుని బయటికి వస్తాడు, సీజనంతా జీతం ఇస్తూనే ఉంటాం. దాన్ని దురదృష్టం అనుకుని ఊరుకుంటాం. ఆ డబ్బులో నాలుగో వంతు ఆడపిల్లల జట్టుకు అడిగేసరికి గిట్టుబాటు కాదంటారు. ఆయన రెండు జట్లనూ ఒకే తూకంతో తూస్తే నాకేమీ అభ్యంతరం లేదు.

ఇక "ఆడవాళ్ల ఆట చూడ్డానికి ఎవరొస్తారు?" అన్న మాట. ఇది మీ సమావేశంలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వాళ్లకు 1920 డిసెంబర్ 26 గురించి చెప్పు. ఆ రోజు లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో డిక్, కెర్ లేడీస్ అనే ఫ్యాక్టరీ కార్మికురాళ్ల జట్టు సెయింట్ హెలెన్స్ జట్టుతో ఆడితే 53,000 మంది చూశారు. లోపల చోటు లేక వేల మంది గేటు బయటే ఉండిపోయారు. ఏడాది తిరక్కుండా, 1921 డిసెంబర్ 5న, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ఈ ఆట ఆడవాళ్లకు తగదని తీర్మానించి, తన కింద ఉన్న క్లబ్బుల గ్రౌండ్లలో వాళ్లను ఆడనివ్వకూడదంది. ఆ నిషేధం దాదాపు యాభై ఏళ్లు నడిచింది. బ్రెజిల్‌లో 1941 నుంచి 1979 దాకా, పశ్చిమ జర్మనీలో 1955 నుంచి 1970 దాకా ఇదే కథ. 1971లో ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా గుర్తింపు లేకుండానే మెక్సికోలో మహిళల ప్రపంచ పోటీ పెడితే, ఫైనల్‌కి అజ్టెకా స్టేడియంలో లక్ష మందికి పైగా కూర్చున్నారు. జనం రాక ఈ ఆట ఆగలేదమ్మా. జనం వస్తుండగా గేటుకు తాళం వేశారు. మగవాళ్ల క్లబ్బులు ఆ యాభై ఏళ్లలో స్టేడియాలు కట్టుకున్నాయి, తండ్రి నుంచి కొడుక్కి అభిమానం అందించుకున్నాయి, టీవీ ఒప్పందాలు చేసుకున్నాయి. ఆ రెంటినీ ఇవాళ పక్కపక్కన నిలబెట్టి, వీళ్లకు ఆదాయం తక్కువ అనడం న్యాయం కాదు.

ఐదేళ్లు అని ఎందుకంటున్నానో చెప్తాను. స్పెయిన్ క్లబ్ బార్సిలోనా తన మహిళల జట్టును 2015లో పూర్తి ప్రొఫెషనల్‌ను చేసింది. నాలుగేళ్లకు, 2019లో, యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కి చేరి ఫ్రాన్స్ క్లబ్ లియోన్ చేతిలో 4-1తో ఓడింది. మొదటి అరగంటలోనే నాలుగు గోల్స్ పడ్డాయి. ఇంత పెట్టింది ఇందుకా అనడానికి అంతకంటే మంచి సందర్భం ఎవరికీ దొరకదు. వాళ్లు డబ్బు తగ్గించలేదు, ఆ పిల్లల్నే నమ్ముకున్నారు. 2021 ఫైనల్లో చెల్సీని 4-0తో కొట్టారు. 2022 మార్చి 30న రియల్ మాడ్రిడ్ మ్యాచ్‌కి తమ స్టేడియం క్యాంప్ నౌలో 91,553 మంది, ఆ తర్వాతి నెలలోనే వోల్ఫ్స్‌బర్గ్ మ్యాచ్‌కి 91,648 మంది వచ్చారు. లియోన్ కూడా అంతే. అప్పటి అధ్యక్షుడు జాన్-మిషెల్ ఓలాస్ 2004లో జట్టును చేతిలోకి తీసుకుంటే ఛాంపియన్స్ లీగ్ కప్పు 2011లో వచ్చింది. లండన్ క్లబ్ ఆర్సెనల్ అయితే 1987లోనే మొదలుపెట్టింది. దాని ఎమిరేట్స్ స్టేడియం మహిళల మ్యాచ్‌కి పూర్తిగా నిండింది 2023లో.

అవి మహా క్లబ్బులు, మన దగ్గర అంత ఎక్కడిది అంటావు. నిజమే. అయితే లూయిస్ అనే చిన్న ఇంగ్లిష్ క్లబ్ 2017లో మగ, ఆడ జట్లకు సమాన బడ్జెట్ ఇస్తామని ప్రకటించింది. వాళ్ల మహిళలు రెండో డివిజన్‌లో ఆరు సీజన్లు ఆడి, 2024లో కిందికి జారారు. అది కూడా చెప్పు, దాచకు. సమాన బడ్జెట్ ఇస్తే కప్పులు వస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ అంత చిన్న క్లబ్బు పేరు దేశాలు దాటి వెళ్లడానికి కారణం ఆ నిర్ణయమే.

మూసేసిన వాళ్ల సంగతి కూడా చూడు. 2017లో ఇంగ్లండ్ క్లబ్ నాట్స్ కౌంటీ తన మహిళల జట్టును లీగ్ మొదలవడానికి సరిగ్గా ముందు రద్దు చేసింది. అప్పుడు వేరే జట్టులో చేరాలన్నా ఎక్కడా ఖాళీలుండవు. ఇల్లు అద్దెకు తీసుకున్న వాళ్లు, ఉద్యోగం వదిలి వచ్చిన వాళ్లు ఏమవుతారో ఆలోచించు. మాంచెస్టర్ యునైటెడ్ 2005లో తన జట్టును మూసేసి, 2018లో మళ్లీ కింది నుంచి మొదలుపెట్టింది. 2024లో ఇంగ్లండ్ మహిళల ఎఫ్ఏ కప్ గెలిచింది కాబట్టి కథ సుఖాంతమే అనుకోవచ్చు, కానీ మధ్యలో పదమూడేళ్లు పోయాయి. ఆ పదమూడేళ్లలో పదేళ్ల పిల్ల ఇరవై మూడేళ్ల ఆటగత్తె అవుతుంది. ఆ క్లబ్ చొక్కా వేసుకుని ఆడాలనుకున్న ఒక తరం అలా దాటిపోయింది.

డబ్బు ఎక్కడ పెట్టాలన్నది అసలు విషయం. పేరున్న క్రీడాకారిణిని తెచ్చి పోస్టర్ వేయాలని కమిటీలో కొందరికి ఉత్సాహంగా ఉంటుంది. ఆగమను. మొదట కావాల్సింది గ్రౌండు. ఆడపిల్లలకు ప్రాక్టీసు ఎప్పుడు దొరుకుతుందో నేను కళ్లారా చూశాను. రాత్రి తొమ్మిది దాటాక, మగవాళ్ల రెండు జట్లూ తొక్కి వదిలిన మైదానంలో సగం. గోల్ ముందు మోకాలి లోతు కాకపోయినా చీలమండ మడతపడేంత గుంటలు. కార్నర్ కిక్కులు అభ్యాసం చేద్దామంటే అవతలి మూల దీపం అప్పటికే ఆపేశారు. లైట్లు ఆపే మనిషి గేటు దగ్గర తాళంచెవులు ఆడిస్తూ నిలబడతాడు, పాపం అతని తప్పు కాదు, అతనికీ ఇల్లుంది. పొద్దున ఉద్యోగానికో కాలేజీకో వెళ్లాల్సిన ఆ పిల్లలు, సగం మైదానంలో గంటసేపు ఆడి, వారాంతంలో పూర్తి మైదానంలో తొంభై నిమిషాలు ఆడాలి. తర్వాత ఎవరో వచ్చి, ఆటలో వేగం లేదంటాడు. వారానికి మూడు రోజులు, వెలుతురు ఉన్న వేళ, పూర్తి గ్రౌండు ఇవ్వండి. ఈ ఒక్కదానికి పైసా అదనంగా అక్కర్లేదు. టైమ్‌టేబుల్ మార్చే ధైర్యం ఉంటే చాలు. ఆ టైమ్‌టేబుల్ కాగితం మీద ఉండాలి, కమిటీ సంతకంతో. ఎందుకంటే చోటు ఇరుకైనప్పుడు మొదట జరగమనేది వీళ్లనే. 2024లో మాంచెస్టర్ యునైటెడ్ అంతటి చోట మగవాళ్ల శిక్షణ భవనం మరమ్మతులు మొదలయ్యేసరికి మహిళల భవనం వాళ్లకిచ్చి, మహిళలను తాత్కాలిక గదుల్లోకి పంపారు.

రెండోది ఫిజియో. మోకాలి లోపలి ఏసీఎల్ లిగమెంట్ తెగడం మహిళా క్రీడాకారిణుల్లో మగవాళ్ల కంటే చాలా ఎక్కువ. తెగితే తొమ్మిది నెలలు, ఒక్కోసారి ఏడాది పోతుంది. కండరాల వ్యాయామాలు, దూకి సరిగ్గా నేల మీద దిగడం నేర్పించడం వల్ల ఆ ప్రమాదం తగ్గుతుంది. కానీ అది ఎవరో ఒకరు ప్రతి ప్రాక్టీసుకీ వచ్చి చేయించాలి. మగవాళ్ల ఫిజియో ఖాళీగా ఉన్నప్పుడు చూస్తాడులే అనే ఏర్పాటుకు ఒప్పుకోకు. ఆయన ఎప్పటికీ ఖాళీగా ఉండడు.

కిట్ సంగతి త్వరగా చెప్తాను. మగవాళ్ల మిగిలిపోయిన జెర్సీలు, భుజాలు మోచేతుల దాకా జారేవి, ఇవ్వకండి. ఆడపిల్లల కొలతలకే కుట్టించండి. తెల్ల షార్ట్‌లు వద్దు. నెలసరి రోజుల్లో మరకల భయంతోనే ఆడాల్సి వస్తుందని క్రీడాకారిణులు చెప్పాక, ఇంగ్లండ్ జట్టు 2023లో తెలుపు మానేసి నీలం షార్ట్‌లకు మారింది. మీ క్లబ్ రంగు తెలుపైనా సరే, ఈ విషయం ముందు వాళ్లనే అడగండి.

కాంట్రాక్టుల్లో ప్రసూతి సెలవు రాయడం మరిచిపోవద్దు. 2021 నుంచి ఫిఫా నిబంధనల ప్రకారం ప్రొఫెషనల్ క్రీడాకారిణికి కనీసం 14 వారాల సెలవు, అందులో కనీసం మూడింట రెండు వంతుల జీతం ఇవ్వాలి. ఐస్‌లాండ్ క్రీడాకారిణి సారా బ్యోర్క్ గున్నార్స్‌డోట్టిర్ గర్భంతో ఉన్నప్పుడు తనకు రావాల్సిన జీతం రాలేదని లియోన్ మీద ఫిఫాకు వెళ్లి గెలిచింది. క్లబ్ 82,000 యూరోలకు పైగా చెల్లించాల్సి వచ్చింది. అన్ని కప్పులు గెలిచిన క్లబ్బుకే ఇలా జరిగింది. మీది ఇంకా ఆ స్థాయి కాకపోయినా మొదటి కాంట్రాక్టు నుంచే ఆ పేరా పెట్టండి.

ఇప్పుడు లెక్కల పుస్తకం. నా జీవితమంతా దాంట్లోనే గడిచింది కాబట్టి ఇక్కడ కాస్త గట్టిగానే చెప్తాను. మహిళల జట్టుకు విడి ఖాతా తెరిపించు. ఖర్చులన్నీ మహిళల జట్టు కింద, స్పాన్సర్ ఇచ్చేదంతా మగవాళ్ల జట్టు కింద రాసే అలవాటు చాలా చోట్ల ఉంది. ఒక కంపెనీ రెండు జెర్సీల మీదా పేరు వేయించుకుంటుంది, చెక్కు మొత్తం ఒకే వైపు జమ అవుతుంది. ఏడాది చివర "చూడండి, వీళ్లకు ఆదాయం సున్నా" అంటారు. వీలైతే మహిళల జట్టుకు వేరే స్పాన్సర్‌ని వెతకండి. బార్సిలోనా మహిళలకు 2018లో సొంతంగా స్టాన్లీ అనే కంపెనీ స్పాన్సర్‌గా దొరికింది. మగవాళ్ల జెర్సీ మీద చోటు కొనలేని మధ్యతరహా కంపెనీలు మీ చుట్టూ ఉంటాయి, వాళ్ల తలుపు తట్టండి.

టికెట్లు ఉచితంగా పంచకండి. ఉచితంగా తీసుకున్నవాళ్లలో సగం మంది రారు, వచ్చే ఏడాది డబ్బడిగితే మిగతా సగమూ రారు. తక్కువ ధర పెట్టండి, కానీ పెట్టండి. మగవాళ్ల మ్యాచ్ ఉన్న వేళకే వీళ్ల మ్యాచ్ పెట్టకండి. వచ్చేది చాలావరకు కొత్త జనం, పిల్లలతో వచ్చే కుటుంబాలు, తామే బంతి తన్నే అమ్మాయిలు. వాళ్లను మగవాళ్ల స్టాండ్ల నుంచి తెచ్చుకోవాల్సిన పని లేదు. పెద్ద స్టేడియం కోసం ఆరాటపడొద్దు కూడా. మహిళల ప్రొఫెషనల్ జట్టు కోసమే కట్టిన స్టేడియం 2024లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో తెరిచారు. దానికి 11,500 సీట్లే. చిన్న గ్రౌండు నిండితే టీవీలోనూ బాగుంటుంది, ఆడేవాళ్లకూ ఊపొస్తుంది.

ఇంకో మాట. లీగు నిబంధన కోసం పేరుకి ఒక జట్టు చూపిద్దాం అని ఎవరైనా అంటే అక్కడే అడ్డుపడు. దక్షిణ అమెరికాలో 2019 నుంచి అక్కడి క్లబ్బుల పెద్ద పోటీ కోపా లిబర్తడోరెస్ ఆడాలంటే క్లబ్బుకు మహిళల జట్టు ఉండాలన్న నియమం వచ్చింది. మంచి నియమమే. కానీ నియమం జట్టునైతే పుట్టిస్తుంది, దాన్ని పట్టించుకునే మనుషులు కమిటీలో ఉండాలి. అందుకే కమిటీలో మహిళల జట్టు తరఫున ఓటున్న ఒక సభ్యురాలు ఉండాలని తీర్మానంలోనే రాయించు. నువ్వున్నావు కదా అని సరిపెడతారు. నువ్వు అందరి ప్రతినిధివి, ఆ పనికి వేరే మనిషి కావాలి.

నేను ఎందుకింత పట్టుబడుతున్నానంటే, మీ గేటు ముందు నుంచి రోజూ వెళ్లే పిల్లల్లో సగం మందికి ఇన్నాళ్లూ ఆ క్లబ్బులో చూసే చోటే ఉంది, ఆడే చోటు లేదు. అది మార్చే అధికారం మీ కమిటీకి ఇప్పుడుంది. ఈ అవకాశం నా హయాంలో వచ్చి ఉంటే నేను ఒక్క రోజు ఆలస్యం చేసేవాణ్ని కాదు.

సమావేశానికి మూడు అంకెలు రాసి తీసుకెళ్లు. ఐదేళ్లలో ఏ ఏడాది ఎంత పెడతారు, క్లబ్ కింది డివిజన్‌కి జారినా ఎంతకు తగ్గకూడదు, వారానికి ఎన్ని గంటల గ్రౌండు. మూడోది అడిగేటప్పుడు గొంతు తగ్గించకు, గొడవంతా అక్కడే వస్తుంది. చిత్తుప్రతి తయారయ్యాక ముందు నాకు పంపు, అంకెలు ఒకసారి కూడి చూస్తాను. మీ కోశాధికారి ఒప్పుకుంటే ఆయనతో ఫోన్‌లో మాట్లాడతాను కూడా.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న