పాత బ్రీడర్ల నోటుబుక్కులో ఏం వెతకాలి? – మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి చుట్టూ తిరిగాయి, పాత తరం కుక్కల బ్రీడర్ల దగ్గర ఏం నేర్చుకోవాలి, ఏం వదిలెయ్యాలి అని. అందుకే వాటిని ఒకచోట పెట్టేశాం.

ప్రశ్న: మా దగ్గర రెండు జర్మన్ షెపర్డ్ ఆడకుక్కలున్నాయి. వాటి తల్లుల్ని పెంచిన పెద్దాయన వయసైపోయి బ్రీడింగ్ మానేస్తూ తన పాత పుస్తకాలు, ఫొటోలు, పెడిగ్రీ (వంశావళి) కాగితాలు ఒక పెట్టెలో వేసి నాకిచ్చేశారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీట్లేదు.

జవాబు: అదృష్టవంతులండీ మీరు, చాలామందికి ఆ పెట్టె దక్కదు, పెద్దాయన పోయాక ఇంట్లోవాళ్లు పాత పేపర్లతో పాటు తీసి పడేస్తారు. ముందు షోల్లో గెలిచిన కప్పుల ఫొటోలు, సర్టిఫికెట్లు ఒక పక్కన పెట్టేసి చేతిరాతతో ఉన్నవి మాత్రం బయటికి తీయండి. గెలిచిన కుక్క సంగతి ఎలాగూ అందరికీ తెలుసు, మనక్కావాల్సింది అదే లిట్టర్‌లో, అంటే అదే కాన్పులో పుట్టిన మిగతా పిల్లలేమయ్యాయన్నది. "ఏడు పిల్లలు, రెండు మూడో రోజే పోయాయి, తల్లికి పాలు చాల్లేదు, ఒక మగపిల్ల శబ్దానికి బెదురుతోంది" ఇలాంటి ఒక్క లైను దొరికితే నా దృష్టిలో అది పది కప్పుల పెట్టు.

చేతిరాత రికార్డుకి ఎంత బలం ఉంటుందో గోల్డెన్ రిట్రీవర్ సంగతి చూస్తే తెలుస్తుంది. ఆ బ్రీడ్ రష్యా సర్కస్ కుక్కల నుంచి వచ్చిందని చాలా ఏళ్లు జనం చెప్పుకున్నారు, కథ కూడా బాగుంది కాబట్టి ఎవరూ అడగలేదు. అసలు జరిగిందేంటంటే స్కాట్లాండ్‌లో లార్డ్ ట్వీడ్‌మౌత్ తన ఎస్టేట్‌లో కుక్కల పుస్తకం ఒకటి రాయించాడు, 1835 నుంచి 1890 దాకా ఎంట్రీలున్నాయి అందులో. 1868లో నూస్ అనే పసుప్పచ్చ రిట్రీవర్‌కీ, బెల్ అనే ట్వీడ్ వాటర్ స్పేనియల్‌కీ పుట్టిన పిల్లలతో మొదలై, మధ్యలో నల్ల రిట్రీవర్‌నీ, సెట్టర్‌నీ ఎక్కడెక్కడ కలిపాడో కూడా దాంట్లో ఉంది. ఆ పుస్తకంలోని వివరాలు 1952లో అచ్చయ్యాక సర్కస్ కథకి కాలం చెల్లింది. అదీ కాక ఆయన బయటి రక్తం తెచ్చాడు, మళ్లీ తన లైన్‌లోకి, అంటే తను పెంచే వంశంలోకి తిప్పాడు అన్నది నోటిమాట కాదు, రాతలో ఉంది.

మీరు చెయ్యాల్సిన పని ఇది. ఒక్కో ఆడకుక్కకి ఒక్కో పేజీ పెట్టుకోండి, ఎప్పుడు పుట్టింది, ఎన్నేళ్లు బతికింది, దేనివల్ల పోయింది, ఎన్నిసార్లు పిల్లలు పెట్టింది, కాన్పు దానంతటదే అయిందా ఆపరేషన్ పడిందా, పిల్లల్ని సరిగ్గా సాకిందా. ఖాళీలు చాలా వస్తాయి, రానివ్వండి, ఊహించి మాత్రం నింపొద్దు. తర్వాత పెడిగ్రీలు నేలమీద పరిచి, ఒకటికంటే ఎక్కువసార్లు కనబడే ప్రతి పేరుకీ ఒక్కో రంగు పెన్సిల్‌తో గీత పెట్టండి. ఒకే మగకుక్క రంగు కాగితం నిండా కనబడితే మీ లైన్ ఎవరి మీద నిలబడిందో అక్కడికక్కడే అర్థమైపోతుంది. ఇంకో విషయం, పెద్దాయన ఉండగానే పక్కన కూర్చుని ఆ పేజీలు చదివించుకోండి, ఆయన పెట్టుకున్న టిక్కులూ సున్నాలూ ఏంటో ఆయనకొక్కడికే తెలుసు.

ప్రశ్న: పాత బ్రీడర్లు అన్నాచెల్లెళ్లనీ తండ్రీకూతుళ్లనీ కూడా కలిపేవాళ్లు కదా, బ్రీడ్‌లు తయారైందే అలాగ. మరి ఇప్పుడెందుకు ఇన్‌బ్రీడింగ్ అంటే అంత భయం?

జవాబు: నిజమే, కలిపేవాళ్లు. జర్మన్ షెపర్డ్ బ్రీడ్‌ని నిలబెట్టిన మాక్స్ వాన్ స్టెఫానిట్జ్ 1899లో జర్మనీలోని కార్ల్స్‌రూ షోలో హోరాండ్ అనే కుక్కని చూసి కొనేసి, అదే నెలలో జర్మన్ షెపర్డ్ సంఘం పెట్టి, స్టడ్‌బుక్‌లో (బ్రీడ్ కుక్కల వంశాలు రాసే రిజిస్టర్‌లో) మొదటి నంబరు దానికే ఇచ్చాడు, తర్వాత హోరాండ్ కొడుకులు, మనవల చుట్టూనే గట్టిగా లైన్ బిగించాడు. టైప్, అంటే బ్రీడ్ రూపం, స్థిరపడాలంటే అప్పుడు ఆయనకి అది అవసరమైంది. కానీ ఆయన అడుగు పెట్టింది ఊళ్లలో గొర్రెలు కాసే రకరకాల కుక్కలున్న రోజుల్లో, అంటే బయట బోలెడు రక్తం ఉంది. మనం నిలబడింది నూరేళ్ల పైచిలుకు బయటి కుక్కల్ని చేర్చుకోకుండా మూసేసిన స్టడ్‌బుక్ చివర్లో. ఆయన చేసింది చూసి మనమూ చేస్తామంటే లెక్క కుదరదు.

లెక్కంటే నిజంగా లెక్కే, సూవెల్ రైట్ అనే జన్యుశాస్త్రవేత్త 1922లో ఇచ్చిన ఇన్‌బ్రీడింగ్ కోఎఫిషెంట్, అంటే తల్లిదండ్రుల చుట్టరికం వల్ల పిల్లల్లో జన్యువులు ఎంత శాతం ఒకేలా అయ్యే అవకాశముందో చెప్పే అంకె. తోబుట్టువుల్ని కలిపితే పిల్లల్లో 25 శాతం, సగం తోబుట్టువుల్ని కలిపితే 12.5, కజిన్స్ అయితే 6.25. ఇది ఆ మేటింగ్ ఒక్కదానికే, వెనక తరాల్లో ఆల్రెడీ కలిసిపోయింది దీని మీద అదనం. అందుకే మూడు తరాల పెడిగ్రీ మాత్రమే చూసి "సున్నా శాతం అండీ" అని ఎవరైనా అంటే నమ్మకండి, పదో తరం దాకా వెళ్తే అదే జంట బాగా దగ్గరి చుట్టాలుగా తేలొచ్చు. వీలైతే డీఎన్‌ఏ టెస్ట్‌తో చూపించుకోండి.

ఇంకోటుంది, దీని గురించి ఎవరూ నోరు విప్పరు. పాత రోజుల్లో బలహీనంగా పుట్టిన పిల్లల్ని, వంకరున్న పిల్లల్ని చాలాచోట్ల పుట్టగానే చంపేసేవాళ్లు. మిగిలినవి గట్టివి కాబట్టి "మా లైన్‌లో ఏ జబ్బూ లేదు" అనేవాళ్లు, జబ్బు లేక కాదు, కనబడకుండా పోయింది. ఆ పద్ధతి మనకక్కర్లేదు, నేర్చుకోనూ కూడదు, అన్ని పిల్లల్నీ పెంచి బ్రీడింగ్‌కి పనికిరాని వాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి మంచి ఇళ్లకిస్తే సరిపోతుంది. కానీ పాత రికార్డు చదివేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకోండి, "అన్నీ ఆరోగ్యం" అని రాసున్న చోట లిట్టర్‌లో రెండే పిల్లలుంటే ఆగి ఆలోచించాలి.

ప్రశ్న: వేరే బ్రీడ్ రక్తం ఒక్క చుక్క కలిసినా వారసత్వం పోయినట్టే అని మా గ్రూపులో పెద్దవాళ్లంటారు. మీరేమంటారు?

జవాబు: ఒప్పుకోను. డాల్మేషియన్ సంగతి చూడండి. ఆ బ్రీడ్ మొత్తానికి ఒక జన్యులోపం అంటుకుంది, యూరిక్ యాసిడ్ మూత్రంలో ఎక్కువైపోయి రాళ్లు పడతాయి, మగకుక్కలకైతే మూత్రనాళం మూసుకుపోయి ప్రాణం మీదికొస్తుంది. బ్రీడ్ లోపలే వెతుకుదామంటే లోపం లేని జన్యువు లోపల లేనే లేదు, ఎంత మంచి జంటని కలిపినా రాదు. 1973లో రాబర్ట్ షైబుల్ అనే జన్యుశాస్త్రవేత్త ఒక పాయింటర్‌ని ఒక్కసారి మాత్రం డాల్మేషియన్‌తో కలిపి, ఆ పిల్లల్ని మళ్లీ మళ్లీ డాల్మేషియన్లతోనే కలుపుతూ పోయాడు, ప్రతి తరంలోనూ మంచి జన్యువు ఉన్న పిల్లల్ని ఏరుకుంటూ. తరానికి సగం చొప్పున తగ్గుతూ తగ్గుతూ కొన్నాళ్లకి పాయింటర్ వాటా నామమాత్రమైంది, చుక్కలు చుక్కల్లాగే ఉన్నాయి, మంచి జన్యువు మాత్రం నిలిచింది. 1981లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ రెండు కుక్కల్ని రిజిస్టర్ చేసింది, బ్రీడ్ క్లబ్‌లో గొడవై ఆగిపోయింది, మళ్లీ తలుపు తెరుచుకునేసరికి 2011 వచ్చింది. ఆ ముప్ఫై ఏళ్లలో రాళ్లతో నానా యాతన పడిన కుక్కలకి "స్వచ్ఛత" వల్ల ఒరిగిందేంటో నాకైతే అర్థం కాదు.

పైగా మనం దండం పెట్టుకునే పాతవాళ్లే ఈ పని చేశారు. ఐరిష్ వుల్ఫ్‌హౌండ్ దాదాపు అంతరించిపోయిన దశలో కెప్టెన్ గ్రాహం 1860లలో పూనుకుని, దొరికిన కొద్ది కుక్కలకి స్కాటిష్ డీర్‌హౌండ్, గ్రేట్ డేన్, బోర్జోయ్ లాంటివి కలిపి నిలబెట్టాడు, 1885కి క్లబ్ వచ్చింది. ఆయన ఆ పని చెయ్యకపోతే ఇవాళ కాపాడుకోవడానికి బ్రీడే లేదు.

అలాగని మీరు రేపే వెళ్లి ఏదో ఒకదానితో కలిపెయ్యమని కాదండోయ్. ఫలానా లోపం, ఫలానా జన్యువు, ఇన్ని తరాల ప్లాను, వెనక రికార్డు, క్లబ్ అనుమతి, ఇవన్నీ ఉంటే అది బ్రీడింగ్, లేకపోతే ఊరికే క్రాస్.

ప్రశ్న: మా బ్రీడ్ పాత ఫొటోల్లో కుక్క సన్నగా, కాళ్లు పొడుగ్గా ఉంది, ఇప్పటి షోల్లో గెలిచేవి బరువుగా ఉన్నాయి. ఏది అసలు?

జవాబు: ఆ కుక్క ఏ పనికి పుట్టిందో అడగండి, జవాబు దానంతటదే వస్తుంది. బోర్డర్ కోలీల్లో ఓల్డ్ హెంప్ అని 1893లో పుట్టింది, అరవకుండా కరవకుండా చూపుతోనే గొర్రెల్ని కదిపేది, ఇవాళ్టి కోలీలన్నీ దాదాపు దాని సంతతే. దాని చెవులెలా ఉన్నాయని ఎవరూ పట్టించుకోలేదు. 1906లో పెట్టిన ఇంటర్నేషనల్ షీప్‌డాగ్ సొసైటీలో పెడిగ్రీ లేని కుక్క కూడా పని చూపించి రిజిస్టర్ అవ్వొచ్చు.

స్టెఫానిట్జ్ కూడా అంతే. షెపర్డ్‌లు మరీ ఎత్తుగా, చతురస్రంగా తయారవుతున్నాయని 1925లో ఎత్తు తక్కువ, ఒళ్లు పొడవున్న క్లోడో అనే కుక్కని సీగర్‌గా (ఆ ఏటి చాంపియన్‌గా) ఎంచి, దారి తప్పిన బ్రీడ్‌ని వెనక్కి తిప్పాలని చూశాడు. అందరూ ఎగబడి దాన్నీ దాని పిల్లల్నే వాడేశారు, అది వేరే సమస్య. గెలిచిన మగకుక్క వెనక అందరూ పరిగెడితే దానిలో దాక్కున్న లోపం మనవల్లో, మునిమనవల్లో ఒకదాన్నొకటి కలుసుకుని బయటపడుతుంది, అప్పటికి ఆ కుక్క పోయి ఉంటుంది.

ప్రశ్న: ఒక సీనియర్ బ్రీడర్‌ని నాలుగు విషయాలు అడుగుదామని వెళ్తే ఆయన గెలిచినవే చెప్తున్నారు. సమస్యలు అడిగితే మాట మార్చేస్తున్నారు. ఎలా?

జవాబు: సమస్యలు అని అడక్కండి, ఎవరూ చెప్పరు. "మీరు వాడకుండా వదిలేసిన మంచి మగకుక్క ఏదైనా ఉందా సార్, ఎందుకు వదిలేశారు?" అని అడగండి. పెద్దవాళ్లకి ఈ ప్రశ్న ఇష్టం, ఎందుకంటే తమ చూపు గొప్పతనం చెప్పుకునే అవకాశం అది, చెప్తూ చెప్తూ తుంటి కీలు లోపం సంగతి, మూర్ఛ సంగతి, పిల్లల్ని కరిచిన తల్లి సంగతి అన్నీ వాళ్లే బయటపెడతారు. ఆయన పేరు ఎక్కడా వాడనని ముందే మాటిచ్చి, ఇంటికెళ్లాక అదే రోజు రాసుకోండి.

ప్రశ్న: ఇరవై ఏళ్ల క్రితం పోయిన ఒక స్టడ్ (బ్రీడింగ్‌కి వాడే మగకుక్క) వీర్యం ఇంకా ఫ్రోజెన్‌లో ఉందంటున్నారు. వాడొచ్చా?

జవాబు: వాడొచ్చు, ఇప్పుడున్న లైన్‌లో దాని వాటా తక్కువుంటే మంచిదే. ముందు దాని పిల్లలు ఎన్నేళ్లు బతికాయో కనుక్కోండి, డీఎన్‌ఏ టెస్ట్ ఫలితం అడగండి, అప్పట్లో లేని టెస్టులు ఇప్పుడున్నాయి. రెండో మూడో లిట్టర్లతో ఆపెయ్యండి, మిగిలిన స్ట్రాలు (వీర్యం దాచిన సన్న గొట్టాలు) తర్వాత వచ్చేవాళ్లకి ఉంచండి.