నాన్నగారి మతిమరుపు, పెంపుడు కుక్క తికమక: ఇద్దరికీ ఆహారంతో మేలు జరుగుతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 70 ఏళ్లు. గుడ్డు కూడా ముట్టని శాకాహారి. పదేళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. మోకాళ్ల నొప్పులతో ఏడాదిగా నడక మానేసి టీవీ ముందే గడుపుతున్నారు, చెప్పిన మాటే మళ్లీ మళ్లీ చెబుతున్నారు. ఆయనను వదలకుండా ఉండే మా 12 ఏళ్ల లాబ్రడార్ కూడా రాత్రుళ్లు నిద్రపోకుండా ఇల్లంతా తిరుగుతోంది. ఒక్కోసారి తలుపు తెరుచుకునే వైపు కాకుండా మడతబందుల వైపు నిలబడి ఎదురుచూస్తోంది. వాల్‌నట్లు, కొబ్బరినూనె మెదడుకు మంచివంటున్నారు. ఇద్దరికీ పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఆహారం సంగతి చూసే ముందు మీ నాన్నగారికి రక్తంలో విటమిన్ బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. బి12 సహజంగా మాంసం, చేపలు, గుడ్లు, పాలలోనే దొరుకుతుంది. పాలు, పెరుగు ద్వారా ఆయనకు అందే ఆ కొద్దిపాటి విటమిన్ కూడా మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ల తరబడి వాడేవారిలో ఒంటికి సరిగా పట్టదు. దానికి తోడు గ్యాస్ కోసం రోజూ పాంటాప్రజోల్ వంటి మాత్ర కూడా వేసుకుంటుంటే లోపం ఇంకా పెరుగుతుంది. దీనివల్ల వచ్చే మతిమరుపును త్వరగా గుర్తిస్తే మాత్రలతోనో ఇంజెక్షన్లతోనో చాలావరకు తగ్గించవచ్చు. అలాగని మెట్‌ఫార్మిన్‌ను మీ అంతట మీరు ఆపవద్దు. జలుబుకో నిద్రకో మందుల షాపులో అడిగి తెచ్చుకున్నవాటితో సహా ఆయన వాడే మాత్రలన్నీ ఒక సంచిలో వేసి డాక్టరుకు చూపించండి. క్లోర్‌ఫెనిరమిన్ ఉండే జలుబు మాత్రలు పెద్ద వయసులో తికమకను పెంచుతాయి. టీవీ శబ్దం క్రమంగా పెంచుతున్నారేమో కూడా గమనించండి. 2024లో లాన్సెట్ కమిషన్ (‘లాన్సెట్’ వైద్య పత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల బృందం) గుర్తించిన, మనం మార్చుకోదగిన 14 డిమెన్షియా (మతిమరుపు జబ్బు) కారణాల్లో షుగరు, బీపీ, ఒంటరితనం, కదలకపోవడంతో పాటు వినికిడి లోపం కూడా ఉంది. మాట తడబడటం, ఉన్నట్టుండి అయోమయం వంటివి గంటల వ్యవధిలో మొదలైతే మాత్రం అది పక్షవాతమో షుగరు పడిపోవడమో కావచ్చు కాబట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక ఆహారం. ఆకుకూరలు, పప్పులు, గింజలు ఎక్కువగా ఉండే ‘మైండ్’ ఆహార విధానం మీద అమెరికాలో మూడేళ్లపాటు జరిపి 2023లో ప్రచురించిన పరీక్షలో, కేలరీలు కాస్త తగ్గించిన మామూలు ఆహారం కంటే అది ఎక్కువ మేలు చేసినట్టు తేలలేదు. ఫిన్లాండులో 1,260 మంది పెద్దవారిపై రెండేళ్లు నడిచి 2015లో వెలువడిన ‘ఫింగర్’ అధ్యయనంలో మాత్రం ఆహారానికి వ్యాయామం, మెదడుకు పని, బీపీ–షుగరుపై నిఘా జోడించినప్పుడు ఆలోచనా సామర్థ్యంలో మెరుగుదల కనిపించింది. వృద్ధ బీగిల్ కుక్కలపై జరిపిన పరిశోధన కూడా ఇదే దారిలో ఉండటం నాకు ఎంతో ఆసక్తికరంగా అనిపిస్తుంది: యాంటీఆక్సిడెంట్లు చేర్చిన ఆహారంతో పాటు తోటి కుక్కల సాంగత్యం, ఆటవస్తువులు, నడక, కొత్త పనులు నేర్పడం అన్నీ కలిసి అందిన కుక్కలే పరీక్షల్లో అందరికంటే బాగా రాణించాయి.

కాబట్టి నాన్నగారి కంచంలో రోజూ ఒక ఆకుకూర పప్పు, మరో కూర, గుప్పెడు పల్లీలో వాల్‌నట్లో, అన్నంలోకి చెంచాడు అవిసె గింజల పొడి ఉంటే చాలు. ఊరగాయలు, అప్పడాలు తగ్గించి, రోజు మొత్తం మీద ఉప్పు 5 గ్రాములు దాటకుండా చూడండి. మెదడు రక్తనాళాలను ఎక్కువగా దెబ్బతీసేది అదుపులో లేని బీపీయే.

ఇదే భోజనం కుక్కకు పనికిరాదు. ఉల్లి, వెల్లుల్లి దాని ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి కనుక సాంబారు అన్నం పెట్టకూడదు. పాయసంలోని కిస్‌మిస్ మూత్రపిండాలకు ప్రమాదం. షుగరు ఉన్నవారి ఇంట్లో దొరికే ‘షుగర్ ఫ్రీ’ చూయింగ్ గమ్, మిఠాయిల్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే అది కుక్క రక్తంలో చక్కెరను ప్రాణాపాయ స్థాయికి పడగొడుతుంది. నాన్నగారి మాత్రలు కూడా నేల మీద పడి దాని నోటికి అందకుండా చూడండి. మీడియం చెయిన్ కొవ్వులు (త్వరగా జీర్ణమై శక్తినిచ్చే ఒక రకం కొవ్వులు) కలిపిన ప్రత్యేక ఆహారం కొన్ని వృద్ధ కుక్కలకు ఉపయోగపడినట్టు పరిశోధనలు ఉన్నాయి. కొబ్బరినూనెలో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం వీటితో సమానంగా పనిచేయదు, పైగా నూనె ఎక్కువైతే క్లోమం వాచే ప్రమాదం ఉంది. వాల్‌నట్లు కూడా దానికి పెట్టవద్దు. ఒట్టి పెరుగన్నంతో సరిపెట్టకుండా ఉప్పు, మసాలా లేని ఉడికించిన గుడ్డో కోడిమాంసమో ఇవ్వండి.

ఇద్దరూ పంచుకోగలిగింది నడక. నాన్నగారి మోకాళ్లకు చికిత్స, తొడ కండరాల వ్యాయామం మొదలుపెట్టి, ఉదయం పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు కుక్కతో కలిసి నడవనివ్వండి. ఆ వయసు లాబ్రడార్‌కు కూడా కీళ్ల నొప్పులు ఉండవచ్చు కనుక వారి వేగాలు సరిపోతాయి. పగలు వెలుతురులో తిరిగితే ఇద్దరికీ రాత్రి నిద్ర మెరుగుపడుతుంది. దారిలో ఎదురయ్యే వారితో నాలుగు మాటలు మాట్లాడటం నాన్నగారికి, కొత్త వాసనలు పసిగట్టడం కుక్కకు మెదడుకు పనే.

కుక్కలో మీరు చెప్పిన లక్షణాలు వృద్ధాప్యంలో వచ్చే కాగ్నిటివ్ డిస్‌ఫంక్షన్‌కు (మెదడు పనితీరు మందగించే జబ్బుకు) సరిపోతున్నా, చూపు మందగించడం, కీళ్ల నొప్పి, మూత్రపిండాల జబ్బు కూడా రాత్రి నిద్ర లేకుండా చేయగలవు. రాత్రి అది తిరిగే తీరును, తలుపు దగ్గర నిలబడే విధానాన్ని ఫోనులో వీడియో తీసి పశువైద్యులకు చూపించండి.