యాప్‌ను సంతకం చేయాలా, యాప్‌పై సంతకం చేయాలా?

సందేహం: మేము మొబైల్ యాప్‌లు తయారు చేస్తాం. కొత్తగా చేరినవారి కోసం తెలుగులో రాసుకున్న సూచనల్లో "టెస్టింగ్‌కు ముందు యాప్‌ను సంతకం చేయండి", "సంతకం చేయబడిన యాప్‌ను విడుదల చేయండి" అని ఉంది. ఇవి సరైనవేనా? చేతిరాతే లేనిచోట సంతకం కన్నా ముద్ర అనడం మేలు కాదా? – ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: రెండు వాక్యాలూ సవరించదగినవే. "పుస్తకాన్ని అనువాదం చేశాడు" అన్నప్పుడు పుస్తకమే అనువాదంగా మారుతుంది కాబట్టి అక్కడ ద్వితీయా విభక్తి (ను, ని) పొసగుతుంది. సంతకం అలా కాదు. కాగితం సంతకంగా మారదు, సంతకానికి చోటవుతుంది. అందుకే బ్యాంకులో "చెక్కు మీద సంతకం పెట్టండి" అంటారే గాని "చెక్కును సంతకం చేయండి" అని ఎవరూ అనరు. యాప్‌కూ ఇదే వర్తిస్తుంది. ఇక "చేయబడిన" అవసరమే లేదు. "సంతకం ఉన్న యాప్" అంటే చాలు.

చేతిరాత గురించిన మీ శంక నిజానికి "చేవ్రాలు"కు తగులుతుంది. అందులో చేయి, వ్రాలు రెండూ ఉన్నాయి. పారసీకం నుంచి వచ్చిన "దస్కతు"కూ అదే అర్థం. "సంతకం"లో చేయీ లేదు, రాతా లేదు. యాప్‌పై సంతకం చేసేటప్పుడు అందులోని సమాచారాన్ని లెక్కగట్టి, రహస్య కీతో, అంటే ఇతరులకు తెలియని పొడవాటి సంకేతంతో, గుర్తు వేస్తారు. తర్వాత ఒక్క అక్షరం మారినా ఆ గుర్తు సరిపోలక ఫోన్ యాప్‌ను తిరస్కరిస్తుంది. ఈ పని లక్క ముద్రను తలపిస్తుందన్న మాట నిజమే. అయినా ముద్రకు అచ్చు, స్టాంపు అనే అర్థాలు బలంగా ఉన్నాయి, 2000 నాటి ఐటీ చట్టం తర్వాత "డిజిటల్ సంతకం" పత్రికల్లోనూ కార్యాలయాల్లోనూ స్థిరపడింది. దాన్నే ఉంచండి. కీని మాత్రం తెనిగించకండి. మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో తాళమన్నా తాళంచెవన్నా "తాళాలే" కదా.

అసలు జాగ్రత్త పడవలసింది ఏ సంతకమో చెప్పడంలో. యాప్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఆండ్రాయిడ్ స్టూడియో తనంతట తాను ఇచ్చే డీబగ్ కీ టెస్టింగ్‌కే పనికొస్తుంది. ఆ సంతకంతో పంపితే ప్లే స్టోర్ తీసుకోదు. 2021 ఆగస్టు నుంచి ప్లే స్టోర్‌లో చేరే కొత్త యాప్‌లపై మీరు చేసేది అప్‌లోడ్ సంతకం, అంటే స్టోర్‌కు పంపేటప్పుడు మీ కీతో వేసేది. ఫోన్‌కు చేరే యాప్‌పై ఉండేది గూగుల్ భద్రపరచిన కీతో పడిన సంతకం. గుంటూరులో మా ఇంట ఉన్న పాత ప్రాంసరీ నోటులో రెవెన్యూ స్టాంపు మీదుగా అప్పు తీసుకున్నవారి చేవ్రాలు, దాని కింద "దస్తూరి" అని రాసి, పత్రం రాసినవారి పేరు విడిగా ఉన్నాయి. ఒకే కాగితం మీద ఇద్దరి బాధ్యతకు రెండు మాటలు వాడిన తీరది. మీ సూచనల్లోనూ ఒట్టి "సంతకం" అనక, "టెస్టింగ్‌కు ముందు యాప్‌పై డీబగ్ సంతకం చేయండి", "విడుదలకు పంపే యాప్‌పై అప్‌లోడ్ సంతకం ఉందో లేదో చూడండి" అని రాయండి.